బాబుకైతే అది, పాపకైతే ఇది అని ఎవరన్నారు?

ప్రశ్న: మా బాబు ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాశాడు. పాప ఏడో తరగతి పూర్తి చేసింది. బాబుకి మంచి మార్కులొస్తే ఇంటికి ఒక గేమ్ కన్సోల్ కొంటామని ఇద్దరికీ మాటిచ్చాం. మార్కులొచ్చాయి, ఇంట్లో గొడవ మొదలైంది. బాబు ప్లేస్టేషన్ 5 కావాలంటాడు, పాప నింటెండో స్విచ్ అంటుంది. స్విచ్ చిన్నపిల్లల బొమ్మ అని, అది కొంటే ఫ్రెండ్స్ నవ్వుతారని వాడి గోల. షాపుకెళ్లి అడిగితే అతను పాప వైపు కూడా చూడకుండా "బాబుకైతే పీఎస్5, పాపకైతే స్విచ్ తీసుకోండి మేడమ్" అన్నాడు. మావారేమో "ఆడపిల్లకి గేములేంటి, వాడు అడిగింది కొనేద్దాం" అంటున్నారు. మా అత్తగారు మాతోనే ఉంటారు. జూన్‌లో బాబుని విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో ఇంటర్‌లో చేరుస్తున్నాం. నాకు వీటి గురించి ఏమీ తెలియదు. నిజంగానే వీటిని వయసుని బట్టి, ఆడ మగ తేడాని బట్టి తయారు చేస్తారా? యాభై వేలు పోసి తప్పు వస్తువు కొంటానేమోనని టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. కాదండీ, అలా తయారు చేయరు. లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటర్, చేతికి ఒక కంట్రోలర్, టీవీకి పెట్టే ఒక కేబుల్. అది ఎవరి కోసం అన్నది కంపెనీ ప్రకటనల్లో చెప్పుకునే మాట. ఆ మాట గత 40 ఏళ్లలో చాలాసార్లు మారింది. ఎవరి దగ్గర డబ్బు కనిపిస్తే వాళ్ల వైపు తిరిగింది. అలాగని మీ బాబు చెప్పింది మొత్తం అబద్ధం కాదు, అందులో ఒక నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఈ "చిన్నపిల్లలది", "మగపిల్లలది" అనే ముద్రలు ఎక్కడ పడ్డాయో చెప్పనివ్వండి. అది తెలిస్తే ఇంట్లో మాట్లాడటానికి మీకు ధైర్యంగా ఉంటుంది.

1980 ప్రాంతంలో అమెరికాలో వీడియో గేమ్ అంటే అటారీ అనే కంపెనీదే. అప్పటి ప్రకటనల్లో అమ్మానాన్నలు, పిల్లలు, పెద్దవాళ్లు అందరూ టీవీ ముందు చేరి ఆడుతూ కనిపించేవారు. ఇంటిల్లిపాది వస్తువుగానే దాన్ని అమ్మారు. తర్వాత ఎవరు పడితే వాళ్లు నాసిరకం గేములు తయారు చేసి షాపుల్ని నింపేశారు. 1983లో మార్కెట్ కుప్పకూలింది. 300 కోట్ల డాలర్ల పైన ఉన్న వ్యాపారం రెండేళ్లలో 10 కోట్ల డాలర్ల దగ్గరికి పడిపోయిందని చెబుతారు. అమ్ముడుపోని అటారీ కార్ట్రిడ్జ్‌లని, అంటే గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలని, న్యూమెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్తకుప్పలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. ఆ దెబ్బ తర్వాత వీడియో గేమ్ అన్న మాట వింటేనే షాపులవాళ్లు మొహం తిప్పుకునేవారు.

సరిగ్గా ఆ సమయంలో జపాన్ నుంచి నింటెండో వచ్చింది. జపాన్‌లో 1983 నుంచి ఎరుపు, తెలుపు రంగుల్లో అమ్ముతున్న ఫ్యామికామ్ అనే మెషిన్‌ని అమెరికా కోసం వేషం మార్చారు. బూడిద రంగు డబ్బా, వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టినట్టు ముందు నుంచి గేమ్ పెట్టే మూత, ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనే పెద్ద పేరు. 1985 చివర్లో న్యూయార్క్ షాపుల్లో పెట్టినప్పుడు దాంతోపాటు రాబ్ అనే ప్లాస్టిక్ రోబో, తెర మీదకి గురిపెట్టే లైట్ గన్ అనే బొమ్మ తుపాకీ కూడా ఇచ్చారు. ఆ రోబోతో ఆడే గేములు మొత్తం రెండే వచ్చాయి. దాని అసలు పని షాపువాళ్లని ఒప్పించడం. రోబో ఉంది కాబట్టి ఇది బొమ్మ, వీడియో గేమ్ కాదు అని వాళ్లకి నమ్మకం కుదరాలి. అలా అది బొమ్మల వరసలోకి చేరింది. అమెరికా బొమ్మల షాపుల్లో అప్పటికే అబ్బాయిలకో వరస, అమ్మాయిలకో వరస ఉండేవి. రోబో, తుపాకీ ఉన్న పెట్టె ఏ వరసలోకి వెళ్తుందో చెప్పక్కర్లేదు కదా! అటారీ ప్రకటనల్లో అందరి మధ్య కూర్చున్న అమ్మ, అమ్మాయి అక్కడి నుంచి మెల్లగా కనుమరుగయ్యారు. తెనాలి షాపతను మీ పాప వైపు చూడకపోవడానికి మూలం వెతుకుతూ వెళ్తే నాకు ఈ వరసల దగ్గరే దొరుకుతుంది.

ఇక "చిన్నపిల్లలది" అనే ముద్ర. అది వేసింది సెగా అనే పోటీ కంపెనీ.

సెగా 1989లో జెనెసిస్ అనే కన్సోల్‌తో అమెరికాలో దిగేటప్పటికి మార్కెట్ మొత్తం నింటెండో చేతిలో ఉంది. ఎదురుగా ఢీకొంటే లాభం లేదని వాళ్లకి అర్థమైంది. నింటెండోతో ఆడుకున్న పిల్లలు అప్పటికి కాస్త పెద్దవాళ్లయ్యారు. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకి అన్నిటికంటే పెద్ద భయం ఏమిటి? ఎవరైనా తమని చిన్నపిల్లలు అంటారేమోనని. సెగా సరిగ్గా అక్కడ వేలు పెట్టింది. నింటెండో చేయలేనివన్నీ జెనెసిస్ చేస్తుందనే నినాదంతో పోటీదారుని పేరు పెట్టి మరీ ప్రకటనలు ఇచ్చింది. 1990లో అమెరికా సెగా పగ్గాలు తీసుకున్న టామ్ కాలిన్‌స్కే అంతకుముందు మాటెల్ కంపెనీలో బార్బీ బొమ్మని మళ్లీ నిలబెట్టిన మనిషి. ఏ వయసు పిల్లలకి ఏది ఎలా అమ్మాలో ఆయనకి చెప్పాల్సిన పని లేదు. 1991లో సెగా గేమ్ సోనిక్ వచ్చింది. నీలం రంగు, విసురు చూపు, నిలబెడితే విసుక్కుంటూ కాలితో నేల తట్టే పాత్ర. నింటెండో గేముల హీరో మారియో బొద్దుగా, నవ్వుతూ ఉంటాడు కదా, దానికి పూర్తిగా ఎదురు. మారియో నీ తమ్ముడికి, సోనిక్ నీకు అని ఆ వయసు పిల్లలకి అర్థమైపోయింది.

ఆ తేడా అందరి కళ్లకీ కనిపించింది మోర్టల్ కాంబాట్‌తో. చావగొట్టుకునే గేమ్ అది, ఆర్కేడ్‌లలో, అంటే నాణెం వేసి గేములాడే చోట్ల, పేరు తెచ్చుకుంది. 1993 సెప్టెంబర్ 13న ఒకే రోజు రెండు కంపెనీల కన్సోళ్లకీ విడుదలైంది. నింటెండో తన మెషిన్ మీద వచ్చిన గేమ్‌లో రక్తం ఉండకూడదంది, దాంతో ఎర్రటి చుక్కలు బూడిద రంగు చెమటగా మారాయి. సెగా మెషిన్‌లో మాత్రం కంట్రోలర్ మీద బటన్లు ఒక వరసలో నొక్కితే రక్తం వచ్చేది, ఆ వరస స్కూళ్లలో నోటికి నోటికి పాకింది. సెగా గేమే ఎక్కువ అమ్ముడుపోయింది. ఆ డిసెంబర్‌లో అమెరికా సెనేట్ ఈ హింస మీద విచారణ పెడితే, సెనేటర్ల ముందే రెండు కంపెనీలవాళ్లూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. చివరికి 1994లో గేములకి వయసు రేటింగులు పెట్టే సంస్థ, ఈఎస్ఆర్‌బీ, ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన మోర్టల్ కాంబాట్ రెండో భాగంలో నింటెండో కూడా రక్తాన్ని ఉంచేసింది. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మీ బాబు ఇప్పుడు అంటున్న మాట వాడు పుట్టకముందెప్పుడో ఒక పోటీ కంపెనీ కూర్చుని రాయించిన ప్రకటన. అది ఇన్నేళ్ల తర్వాత తెనాలిలో ఒక అన్నాచెల్లెళ్ల మధ్య గొడవగా తేలడం నాకు నిజంగా బాధగా ఉంది.

సోనీ వచ్చింది ఆ తర్వాతే. 1994 డిసెంబర్‌లో జపాన్‌లో, 1995లో అమెరికా, యూరప్‌లలో ప్లేస్టేషన్ విడుదలైంది. సెగా కొత్త కన్సోల్ సాటర్న్ 399 డాలర్లు ఉంటే ఇది 299. సోనీ ఇంకో మెట్టు ఎక్కి, కాలేజీ కుర్రాళ్ల దాకా, ఇరవైలలో ఉన్న ఉద్యోగుల దాకా వెళ్లింది. బ్రిటన్‌లో నైట్‌క్లబ్బుల్లో ప్లేస్టేషన్లు పెట్టారు. వైపౌట్ అనే రేసింగ్ గేమ్ యూరప్‌లో కెమికల్ బ్రదర్స్, లెఫ్ట్‌ఫీల్డ్ లాంటి అప్పటి డాన్స్ మ్యూజిక్ బృందాల పాటలతో వచ్చింది. గేములు ఆడటం ఆ వయసులో సిగ్గుపడాల్సిన పని కాదు అని మొదటిసారి గట్టిగా చెప్పింది సోనీనే, ఆ మేలు ఒప్పుకోవాలి. ఇళ్లలో 10 కోట్లకు పైగా అమ్ముడుపోయిన మొదటి టీవీ కన్సోల్ అదే.

ప్లేస్టేషన్ అంటే పెద్ద మగపిల్లలదే అని మీవారు అనుకుంటుంటే మన దగ్గరి సంగతే ఒకటి చెప్పండి. 2009లో సోనీ విడుదల చేసిన హనుమాన్: బాయ్ వారియర్ అనే ప్లేస్టేషన్ 2 గేమ్‌ని తయారు చేసింది హైదరాబాద్ కంపెనీ. అదే ప్లేస్టేషన్ 2 మీద మైకు పట్టుకుని హిందీ సినిమా పాటలు పాడే సింగ్‌స్టార్ బాలీవుడ్ కూడా వచ్చింది. నైట్‌క్లబ్బులో కుర్రాళ్లకి చూపించిన కంపెనీయే ఇక్కడ పిల్లలకి హనుమంతుణ్ణి, ఇంటికొచ్చిన చుట్టాలకి పాటల్ని చూపించి అమ్మింది. కంపెనీకి ముద్ర మీద మమకారం ఏమీ ఉండదు, మనకే ఉంటుంది.

నింటెండో మాత్రం ఆ ముద్రతో చాలా నష్టపోయింది. 2001లో గేమ్‌క్యూబ్ అని ఒక చిన్న చతురస్రపు పెట్టె తెచ్చింది. ఊదా రంగు, వెనక పట్టుకెళ్లడానికి హ్యాండిల్, చూడగానే పిల్లల టిఫిన్ డబ్బా. లోపలి సరుకు మాత్రం తక్కువదేమీ కాదు. భయపెట్టే గేముల్లో గొప్పదని పేరున్న రెసిడెంట్ ఈవిల్ 4 2005లో మొదట వచ్చింది ఆ పెట్టె మీదే. అయినా జనం పెట్టెనే చూశారు. గేమ్‌క్యూబ్ 2.17 కోట్లు అమ్ముడుపోతే, డీవీడీ సినిమాలు కూడా వేసే ప్లేస్టేషన్ 2 15 కోట్లు దాటింది.

ఇక్కడ సతోరు ఇవాటా అనే ఆయన్ని తలచుకోవాలి. 2002లో నింటెండో అధ్యక్షుడయ్యాడు, స్వయంగా గేములు రాసిన ప్రోగ్రామర్. ఆడేవాళ్లలో చిన్నా పెద్దా అని పంచుకోవడం మానేసి, అసలు ఆడనివాళ్ల దగ్గరికి వెళ్దాం అన్నది ఆయన ఆలోచన. డీఎస్ అనే చేతి కన్సోల్‌లో 2005లో మెదడుకి మేత పెట్టే చిన్నచిన్న లెక్కల గేమ్ తెచ్చారు. యూరప్‌లో దాని రెండో భాగం ప్రకటనల్లో నటి నికోల్ కిడ్‌మన్ కనిపించింది. 2006లో వీ (Wii) అనే కన్సోల్ వచ్చింది. దాని కంట్రోలర్‌ని టీవీ రిమోట్‌లా చేశారు, దానికి రిమోట్ అనే పేరే పెట్టారు. గేమ్ కంట్రోలర్ చూస్తే బెదిరేవాళ్లు కూడా రిమోట్ అయితే చేతిలోకి తీసుకుంటారని. చెయ్యి ఊపితే తెర మీద బంతి దొర్లుతుంది. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు దాంతో బౌలింగ్ పోటీలు పెట్టుకున్నారు. ఈ ప్రచారాలన్నిట్లో నాకు మనసుకి దగ్గరగా అనిపించేది ఇదే. అది మాటల్లో ఆగకుండా చేతికిచ్చిన వస్తువు దాకా వచ్చింది. వీ 10.16 కోట్లు అమ్ముడుపోయింది.

ఆ తర్వాత నింటెండో మళ్లీ తడబడింది. 2012లో వచ్చిన వీ యూ కొత్త కన్సోలా, పాత వీకి తగిలించే కంట్రోలరా అన్నది కూడా జనానికి అర్థం కాలేదు, 1.36 కోట్ల దగ్గర ఆగిపోయింది. ఆ పాఠంతో 2016 అక్టోబర్‌లో స్విచ్‌ని పరిచయం చేస్తూ ఒక వీడియో వదిలారు. వీలైతే మీ బాబుతో కలిసి చూడండి, మూడున్నర నిమిషాలే. ఒకతను ఇంట్లో టీవీ ముందు ఆడుతుంటాడు, కుక్క షికారుకి లాగుతుంది, కన్సోల్‌ని స్టాండులోంచి తీసి చేత్తో పట్టుకుని పార్కులో ఆడతాడు. విమానంలో ఒకతను, మేడ మీద పార్టీకి దాన్ని పట్టుకొచ్చిన ఒక అమ్మాయి, బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర కుర్రాళ్లు. చిన్నపిల్లలు ఒక్కరు కూడా కనిపించరు. 2017 మార్చిలో విడుదలైన స్విచ్ ఇప్పటికి 15 కోట్లు దాటింది. వాళ్లంతా చిన్నపిల్లలే అయ్యే అవకాశం లేదు కదండీ.

ఇప్పుడు మీ బాబు వైపు నిజం. కంపెనీ ఎవరికి అమ్ముతానని చెప్పుకుంటే గేములు తయారు చేసేవాళ్లు కూడా ఆ జనాన్ని చూసే గేములు ఇస్తారు. కాల్ ఆఫ్ డ్యూటీ, సోనీ సొంత గేములైన గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ లాంటివి 2017లో వచ్చిన మొదటి స్విచ్ మీద దొరకవు (స్విచ్ 2 తర్వాత వచ్చింది). నింటెండో గేములైన మారియో కార్ట్, యానిమల్ క్రాసింగ్ పీఎస్5 మీద దొరకవు. తెర మీద కనిపించే బొమ్మ నాణ్యతలో పీఎస్5 చాలా ముందుంది, పెద్ద టీవీ మీద ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. పైగా పదహారేళ్ల పిల్లవాడికి ఆట సగం, ఫ్రెండ్స్‌తో కలిసి ఆన్‌లైన్‌లో ఆడుతూ మాట్లాడుకోవడం సగం. వాడి ఫ్రెండ్స్ అందరూ పీఎస్5 మీద ఉంటే వాడి కోరిక న్యాయమైనదే. అందుకని వాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి. "ఫ్రెండ్స్ నవ్వుతారు" అనేది పక్కన పెట్టు, నీ ఫ్రెండ్స్‌లో ఎంతమంది దగ్గర పీఎస్5 ఉంది, వాళ్లతో ఏ గేమ్ ఆడదామనుకుంటున్నావు అని. పేర్లు గబగబా చెప్పాడంటే నిజంగా అది వాడి అవసరం. నీళ్లు నమిలితే ముద్ర గురించే మాట్లాడుతున్నాడని అర్థం.

వయసు గురించి మీకు భయం ఉంటే అది కన్సోల్ మీద చూసేది కాదు, గేమ్ మీద చూసేది. మన దగ్గర దొరికే డిస్కుల మీద ఎక్కువగా యూరప్ రేటింగ్ ఉంటుంది. అట్ట ముందువైపు, కింద ఎడమ మూలన చిన్న చదరంలో 3, 7, 12, 16, 18 వీటిలో ఒక అంకె. ఆ వయసు దాటినవాళ్లకే అని అర్థం. అమెరికా నుంచి వచ్చిన పెట్టెల మీద అంకెలకి బదులు అక్షరాలుంటాయి: ఈ అంటే అందరికీ, టీ అంటే 13 దాటినవాళ్లకి, ఎమ్ అంటే 17 దాటినవాళ్లకి. స్విచ్ కదా అని కళ్లు మూసుకుని ఏ గేమ్ పడితే అది ఇవ్వకండి. ఇందాక చెప్పిన మోర్టల్ కాంబాట్ ఇప్పుడు స్విచ్ మీద కూడా ఉంది, 18 అంకెతోనే. అలాగే పీఎస్5 కదా అని పాపకి భయపడకండి. ఆస్ట్రో బాట్ అని పీఎస్5 గేమ్ ఉంది, రేటింగ్ 7, 2024లో ఆ ఏటి మేటి గేమ్ అవార్డు దానికే వచ్చింది. దాని ముందు భాగం ఆస్ట్రోస్ ప్లేరూమ్ ప్రతి పీఎస్5లోనూ ఉచితంగా ఉంటుంది.

మీవారి మాట దగ్గరికొస్తే, వాదన పెట్టుకోవద్దు. మన ఊళ్లలో స్కూటీ వచ్చిన కొత్తలో అది ఆడవాళ్ల బండి అని మగవాళ్లు తొక్కడానికి సిగ్గుపడేవారు, కంపెనీ కూడా ఆడపిల్లల్నే చూపించి అమ్మింది. ఇప్పుడు గేర్లు లేని బండి లేని ఇల్లు చూపించమనండి, అందులో సగం ఇంటాయనే నడుపుతుంటాడు. కన్సోల్ సంగతీ అంతే అని చెప్పండి. ఆ తర్వాత పాప స్విచ్ ఎందుకు అడుగుతోందో ఆమెనే చెప్పమనండి, ఆయన ముందే. ఏడో తరగతి పిల్ల తనకి కావలసిన గేమ్ గురించి పది నిమిషాలు వివరంగా మాట్లాడటం ఆయన ఒకసారి వింటే, "ఆడపిల్లకి గేములేంటి" అన్న మాట రెండోసారి అంత తేలిగ్గా రాదు. షాపుకి వెళ్లినప్పుడు కూడా ప్రశ్నలు పాప చేతే అడిగించండి. అతను జవాబు మీకు చెప్తుంటే, "అడిగింది తను, తనకి చెప్పండి" అనండి. నా దృష్టిలో కన్సోల్ ఏది కొన్నారన్నదానికంటే ఈ చిన్న పని మీ పాపకి ఎక్కువ గుర్తుంటుంది.

ఇక ఏది కొనాలి? మీ ఉత్తరంలో మీరు చివర్లో రాసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. జూన్‌లో బాబు హాస్టల్‌కి వెళ్తున్నాడు. ఆ కాలేజీల్లో ఫోనే ఉంచనివ్వరు, కన్సోల్ మాట సరేసరి. రెండేళ్లపాటు అది మీ ఇంట్లో ఉంటుంది, రోజూ దాని ముందు కూర్చునేది పాప. దసరాకి, సంక్రాంతికి వాడొస్తాడు, అప్పుడు ఇద్దరూ ఆడతారు, మీరూ మీవారూ పక్కన చేరతారు. ఏ ఫ్రెండ్స్ నవ్వుతారని వాడి భయమో, ఆ ఫ్రెండ్స్ కూడా ఎవరి హాస్టల్‌లో వాళ్లుంటారు. కాబట్టి మీ ఇంటికి నా సలహా స్విచ్. పెట్టెలో వచ్చే రెండు చిన్న కంట్రోలర్లతో ఇద్దరు వెంటనే ఆడొచ్చు. నింటెండో స్విచ్ స్పోర్ట్స్ అనే గేమ్ తీసుకుంటే బౌలింగ్ ఉంటుంది, మీ అత్తగారు కుర్చీలో కూర్చునే చెయ్యి ఊపొచ్చు. కంట్రోలర్ పట్టీ మణికట్టుకి వేసుకోమనండి, టీవీ బతుకుతుంది. మారియో కార్ట్ అయితే అన్నాచెల్లెళ్లకి సెలవులంతా సరిపోతుంది.

ఈ మాట బాబుకి మీరు తీర్పులా చెప్పొద్దు. మాట ఇద్దరికీ ఇచ్చారు, పైగా మార్కులు తెచ్చింది వాడు. జూన్ తర్వాత ఇది ఎక్కడుంటుంది, ఎవరు ఆడతారు అని వాణ్ణే ఆలోచించమనండి. పదహారేళ్లవాడు ఆ లెక్క మనకంటే త్వరగానే వేస్తాడు.

స్విచ్‌తో ఒక ఇబ్బంది ఉంది, దాచను. నింటెండో మన దేశంలో సోనీలా నేరుగా అమ్మదు, సర్వీస్ సెంటర్లు లేవు. ఇక్కడ దొరికేవన్నీ బయటి దేశాల నుంచి ఎవరో తెప్పించినవే, అందుకే షాపుకో ధర ఉంటుంది. గ్యారంటీ అంటే షాపువాడు ఇచ్చేదే. ఎన్నాళ్లు, ఏమేం చేసిస్తాడు అన్నది బిల్లు మీద రాసి ఇవ్వకపోతే అక్కడ తీసుకోవద్దు. కంట్రోలర్ల మీది చిన్న పుల్లలు కొంతకాలానికి వాటంతటవే కదలడం స్విచ్‌లో బాగా తెలిసిన లోపం. 2020లో కంపెనీ అధ్యక్షుడే దీనికి క్షమాపణ చెప్పాడు. కాబట్టి కంట్రోలర్ల సంగతి ప్రత్యేకంగా అడగండి. స్విచ్ లైట్ అని కాస్త తక్కువ ధరకి చూపిస్తారు. అది టీవీకి తగలదు, చేత్తో పట్టుకునే ఆడుకోవాలి, మీ ఇంటికి పనికిరాదు. వందల గేములు ముందే ఎక్కించి ఇస్తామనే చోట అసలే కొనొద్దు. అలా తాళం పగలగొట్టిన మెషిన్లని నింటెండో ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా తీసేస్తుంది. స్విచ్ గేములు వచ్చే చిన్న కార్డులు ఏ దేశంలో కొన్నవైనా మొదటి స్విచ్‌లో ఆడతాయి, ఆ భయం అక్కర్లేదు. నింటెండో గేముల ధరలు ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గవు, అందుకని రెండే రెండు మంచివి ఎంచుకోండి. పాప ఎంతసేపు ఆడుతోందో మీ ఫోన్‌లో చూసుకోవడానికి, రోజుకింత అని హద్దు పెట్టడానికి నింటెండో ఉచిత యాప్ ఉంది. మొదటి రోజే పెట్టేయండి, తర్వాత పెడితే గొడవ.

అంతా విన్నాక కూడా బాబు పీఎస్5 అనే అంటే, పాప మనస్ఫూర్తిగా సరే అంటే, అదే కొనండి. అప్పుడు డిస్క్ పెట్టుకునే మోడలే తీసుకోండి. డిజిటల్ మోడల్ కొంచెం తక్కువకి వస్తుంది గానీ డిస్కులు పట్టవు. కొత్త గేమ్ నాలుగైదు వేలు ఉంటుంది, డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవచ్చు. పిల్లల అకౌంట్లకి ఆడే సమయం, ఖర్చు, గేముల వయసు అన్నిటికీ హద్దులు అందులోనూ పెట్టొచ్చు. పాప పేరుతో విడిగా అకౌంట్ తెరవండి, తన ఆట తన పేరుతోనే సేవ్ అవ్వాలి. పీఎస్5 పెట్టెలో కంట్రోలర్ ఒక్కటే వస్తుంది. రెండోది అదే రోజు, అదే బిల్లులో తీసుకుని ఇంటికి రండి.